మీ కంప్యూటర్ పేజీలో వచ్చిన ఎస్‌డీబీ1 గురించి ఒక సవరణ వెయ్యండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను తిరుపతిలో ఫొటో స్టూడియో పెట్టుకోని బతికేవాణ్ణి. పెండ్లి ఫొటోలు, వీడియో మిక్సింగు, ఆల్బమ్ డిజైను, ముహూర్తాలు లేని మూఢంలో పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, అన్నీ మేమే. మీ పేపరు మా షాపుకి ఎన్నో ఏండ్లుగా వస్తా ఉంది. ఎడిటర్‌కి ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదటిసారి, అదీ రోడ్డు గుంతల గురించో నీళ్ల ట్యాంకర్ గురించో కాదు, హార్డు డిస్కు పేరు గురించి. నవ్వుకుంటే నవ్వుకోండి. ఉత్తరం పెద్దది అయిపోతుందని నాకే తెలుస్తా ఉంది, చోటు లేకపోతే కత్తిరించుకోండి, కానీ కత్తెర నడిమధ్యలో పెట్టొద్దు, అసలు సంగతి ఆడనే ఉంటుంది.

కొన్ని వారాల కిందట మీ కంప్యూటర్ పేజీలో పాత కంప్యూటర్లు పారెయ్యొద్దు, విండోస్‌కి బదులుగా లినక్స్ వేసుకోని వాడుకోండి అని ఒక వ్యాసం వచ్చింది. మంచి వ్యాసం, ఉద్దేశం కూడా మంచిదే. మా షాపులో ముందు పక్క ఉండే పాత మిషన్‌లో మేము ఉబుంటు, అదీ ఒక రకం లినక్సే, వేసుకోని చాలా రోజులైంది, ఎందుకంటే కస్టమర్లు తెచ్చే పెన్ డ్రైవులు సగం వైరస్ పుట్టలు, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయి ఉంటాయి, విండోస్ మిషన్‌లో పెడితే ఆ పొద్దు పని గోవిందా. కాబట్టి వ్యాసం మీద నాకు గొడవ లేదు. చివర్లో కొత్త డిస్కుని ఎట్లా ఫార్మాట్ చేసి ఎట్లా మౌంట్ చేసుకోవాలో, అంటే ఒక ఫోల్డర్‌కి ఎట్లా తగిలించుకోవాలో అని నాలుగు కమాండ్లు ఇచ్చినారు చూడండి, ఆడుంది తంటా. మొదటి డిస్కు ఎప్పుడూ ఎస్‌డీఏ, రెండోది ఎప్పుడూ ఎస్‌డీబీ, దాంట్లో మొదటి పార్టిషన్, అంటే డిస్కుని విడగొట్టిన మొదటి భాగం, ఎస్‌డీబీ1, ఈ పేరు ఉన్నది ఉన్నట్టు కొట్టండి అన్నట్టు రాసినారు. ఆ "ఎప్పుడూ" అనే మాట తప్పు సార్. అచ్చు తప్పు కాదు, విషయమే తప్పు.

మా షాపులో మా అల్లుడు పనిచేస్తాడు, అంటే మా అక్క కొడుకు. వాడు ఆ ముక్క కత్తిరించి మానిటర్ పక్కన గోడకి టేపుతో అతికించినాడు. మొదటిరోజు బ్రహ్మాండంగా పనిచేసింది. బయట తగిలించే 1 టీబీ డిస్కు ఒకటి పెట్టినాడు, అది ఎస్‌డీబీ అనే వచ్చింది, మౌంట్ అయింది, పెండ్లి ఫుటేజ్ అంతా దాంట్లోకి ఎక్కించినాడు. మిషన్ ఆన్ చేసినప్పుడల్లా కమాండ్ కొట్టే పని లేకుండా, ఏ డిస్కుని ఎక్కడ తగిలించాలో మిషన్ చూసుకునే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే ఫైల్లో స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీబీ1 అని ఒక లైను కూడా రాసి పెట్టినాడు, అది కూడా మీ వ్యాసంలో ఉన్నదే. "చూసినావా మామా, పేపర్లో ఉన్నట్టే అయిపోయింది" అని కాలరెగరేసినాడు.

తర్వాత ఒకరోజు పొద్దున షాపు తెరిచి మిషన్ ఆన్ చేస్తే తెర మీద నల్లగా ఏదో లైను, పక్కన సెకండ్లు లెక్కపెడతా ఉంది, 1 నిమిషం 30 సెకండ్లు దాకా. ఏదో డిస్కు కోసం ఎదురుచూస్తా ఉందట. ఆ తొంభై సెకండ్లు అయిపోయినాక ఎమర్జెన్సీ మోడ్ అని చెప్పి నిలబడిపోయింది. అవతల హాల్ టికెట్‌కి ఫొటో కావాలని పిల్లకాయలు లైన్లో నిలబడి ఉన్నారు. డిస్కు తగిలించే ఉంది, దాని లైటు వెలుగుతా ఉంది, మరి కనపడలేదంటుందేమి? చివరికి తేలిందేమంటే, ముందురోజు రాత్రి మావోడు నాలుగు అరల కార్డు రీడర్ తగిలించి అట్లే వదిలేసి పోయినాడు. ఆ రీడర్ ఉంది చూడండి, దాంట్లో కార్డు ఉన్నా లేకపోయినా ఒక్కో అరకి ఒక్కో పేరు పట్టుకుంటుంది. ఎస్‌డీబీ, ఎస్‌డీసీ, ఎస్‌డీడీ, ఎస్‌డీఈ నాలుగూ ఆ ఖాళీ అరలే తినేసినాయి, మా డిస్కు పాపం ఎస్‌డీఎఫ్ అయి కూర్చుంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఏమో ఎస్‌డీబీ1 రా ఎస్‌డీబీ1 రా అని పిలుస్తా ఉంది. ఎస్‌డీబీ అనే ఖాళీ అరలో 1 అనే పార్టిషన్ యాడిది? ఆ పొద్దు రీడర్ పీకేసి మళ్లీ ఆన్ చేస్తే వచ్చేసింది. వాడు ఆ లైను తీసేసినాడు, మళ్లీ చేత్తోనే కొట్టుకుంటా ఉన్నాడు. అంతటితో బుద్ధి వచ్చుండాల్సింది మాకు, రాలేదు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. మా దగ్గర 1 టీబీ డిస్కులు రెండు, ఒకే కంపెనీ, ఒకే మోడలు, ఒకేరోజు కొన్నవి, రెండూ అదే ఉబుంటులో ఫార్మాట్ చేసినవే. ఒకదాంట్లో శ్రావణంలో తీసిన పెండ్లిళ్లు, ఇంకా మిక్సింగు కూడా మొదలుపెట్టలేదు. రెండోదాంట్లో ఇచ్చేసిన పాత పనులు, దాన్ని చెరిపేసి మళ్లీ వాడుకోవాలి. మావోడు రెండూ తగిలించినాడు. జాగ్రత్తగానే చూసినాడు, దాంట్లో వాడి తప్పు పట్టను, పాతది ఎస్‌డీబీ, కొత్తది ఎస్‌డీసీ అని కాగితం మీద రాసుకున్నాడు కూడా. అంతలో కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, మార్పించాలి మార్పించాలి అనుకుంటానే ఉన్నాను. కరెంటు వచ్చినాక మిషన్ ఆన్ చేసినాడు, కాగితం చూసుకున్నాడు, గోడ మీద కట్టింగ్ చూసుకున్నాడు, ఎస్‌డీబీ1ని ముందు మౌంట్ తీసేసి ఎంకేఎఫ్‌ఎస్ అనే ఫార్మాట్ కమాండ్ కొట్టినాడు. ఇక్కడ ఇంతకు ముందు ఒక ఫైల్ సిస్టం ఉంది, ఫలానా తేదీన మౌంట్ అయింది, అయినా ముందుకు పోమంటావా అని అడిగింది అది. అడుగుతుంది, వై అని కొట్టండి అని మీ వ్యాసంలోనే ఉంది. వాడు కూడా పాత డేటా ఉందని అడుగుతా ఉంది కామోసు అనుకున్నాడు. ఆ లైను నిలబడి చదవనే లేదు. వై కొట్టినాడు. కొన్ని సెకండ్లే.

ఏమైందంటే రెండోసారి ఆన్ చేసినప్పుడు ఆ రెండు డిస్కుల్లో ఏది ముందు తిరగడం మొదలుపెట్టి ఏది ముందు పలికిందో దానికి మిషన్ బీ అని పేరు పెట్టింది, తర్వాత పలికినదానికి సీ అని పెట్టింది. పొద్దున పాతది ముందు పలికింది, మధ్యాన్నం కొత్తది ముందు పలికింది, అంతే. కేబుళ్లు ఎవరూ ముట్టుకోలేదు.

మన ఊరోళ్లకి దీన్ని నేను ఇట్లా చెప్తాను. విష్ణు నివాసం దగ్గరో భూదేవి కాంప్లెక్స్ దగ్గరో తిరుమల దర్శనానికి ఇచ్చే ఎస్ఎస్‌డీ టోకెన్ కోసం తెల్లారకముందే లైన్లో నిలబడతారు గదా, మన ఊర్లో ఎస్ఎస్‌డీ అంటే ముందు ఆ దర్శనం టోకెనే, తర్వాతే కంప్యూటర్ డిస్కు. ఆ లైన్లో రెండోవాడు ఎవడు అంటే ఆ పొద్దు రెండోవాడుగా వచ్చినోడు. రేపు రెండోవాడు వేరే మనిషి. నిన్న రెండోవాడికి పులిహోర పొట్లం ఇచ్చినా కాబట్టి ఈ పొద్దు కూడా రెండోవాడు నావోడే అని చెయ్యి పట్టుకుంటే వాడు మీ వంక ఎగాదిగా చూస్తాడు. ఎస్‌డీబీ అంటే ఆ లైన్లో రెండోవాడు సార్, మనిషి పేరు కాదు. విండోస్ వాడేవాళ్లకి ఈ భ్రమ లేదు, పెన్ డ్రైవు ఈ పొద్దు "ఈ" అనే అక్షరంతో వస్తుంది రేపు "ఎఫ్" అనే అక్షరంతో వస్తుంది, ఎవరూ దాన్ని పెన్ డ్రైవు పేరు అనుకోరు. మరి లినక్స్ దగ్గరికి వచ్చేసరికి మీ వ్యాసం రాసినాయన లాంటి తెలిసినోళ్లకి కూడా ఇది ఎందుకు మరుపుకి వస్తుంది అని చాలా ఆలోచించినాను.

నాకు తోచింది చెప్తాను. ఒకప్పుడు అది నిజంగానే మారని పేరు. నేను కంప్యూటర్ నేర్చుకున్న రోజుల్లో ఐడీఈ డిస్కులు, వెడల్పాటి రిబ్బన్ కేబులు, డిస్కు వెనకాల గోరంత జంపర్ ఒకటి, దాన్ని ఏ పిన్నులకి గుచ్చినామో దాన్ని బట్టి అది మాస్టరా స్లేవా. మొదటి కేబులు మీద మాస్టర్ హెచ్‌డీఏ, స్లేవ్ హెచ్‌డీబీ, రెండో కేబులు మీద మాస్టర్ హెచ్‌డీసీ, స్లేవ్ హెచ్‌డీడీ. హెచ్‌డీబీని పీకేసినా హెచ్‌డీసీ జరిగి ఆ చోటికి రాదు, దాని కుర్చీ దానిదే. సీడీ డ్రైవు ఎక్కువగా హెచ్‌డీసీ మీద ఉండేది, పదేండ్లు ఆడనే ఉండేది. తర్వాత సాటా వచ్చింది, యూఎస్‌బీ వచ్చింది, వాటన్నిటికీ ఎస్‌డీ పేర్లు పెట్టినారు, ఎస్‌డీ అంటే స్కజీ డిస్కు, స్కజీ అనేది కంప్యూటర్ డిస్కుతో మాట్లాడే ఒక పాత భాష, పెన్ డ్రైవు కూడా లోపల ఆ స్కజీ భాషే మాట్లాడుతుంది కాబట్టి అదీ ఆ వంశంలోకే వచ్చేసింది. 2007 చుట్టుపక్కల పెద్ద లినక్స్‌లన్నీ పాత ఐడీఈ డిస్కుల్ని కూడా తీసుకొచ్చి ఎస్‌డీలో కలిపేసినాయి. పేరు చూడ్డానికి అట్లే ఉంది, హెచ్ పోయి ఎస్ వచ్చింది, అంతే గదా అనుకున్నాం మేమంతా. కానీ కుర్చీలు తీసేసి క్యూ పెట్టినారని మా బుర్రకి ఎక్కలేదు. ఆ రోజుల్లో నేర్చుకున్నోళ్లు ఇప్పటికీ కుర్చీ లెక్కలోనే రాస్తా ఉంటారు, నేనూ మా అల్లుడికి అట్లే నేర్పించినాను, కాబట్టి మీ వ్యాసకర్తని ఒక్కడినే అంటే పాపం వస్తుంది.

తమాషా ఏందంటే ఆ మిషన్‌కి ఈ సంగతి తెలుసు. డిస్కు పోయినాక ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలు తెరిచి మొదటిసారి పైనుంచి కిందికి చదివినాను. ఉబుంటు ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు అదే రాసుకున్న లైన్లు ఉన్నాయి, దాంట్లో ఎక్కడా ఎస్‌డీఏ అని పెట్టుకోలేదు, యూయూఐడీ ఈజ్ ఈక్వల్ టు అని పెట్టి ఇంత పొడుగు నంబరు పెట్టుకుంది. దాని పైన హ్యాష్ గుర్తు పెట్టి ఒక మాట రాసుకుంది, ఇన్‌స్టాల్ చేసే టైముకి ఇది ఎస్‌డీఏ2 మీద ఉండింది అని. ఉండింది, చూడండి! ఉంది అనలేదు. దానికి ఇంకా పైన, డిస్కులు పెట్టినా తీసినా చెడిపోకుండా ఉండాలంటే యూయూఐడీతో పిలవడం గట్టి పద్ధతి, ఆ నంబరు బీఎల్‌కేఐడీ కమాండ్‌తో తెలుసుకోండి అని కూడా ఇంగ్లీషులో రాసే ఉంది. మావోడు దాని కిందనే పోయి ఎస్‌డీబీ1 అని రాసినాడు. బస్సు ఎక్కకూడదు అని బోర్డు ఉన్నచోటే బస్సు కోసం నిలబడినట్టు.

యూయూఐడీ అంటే ఫార్మాట్ చేసేటప్పుడు ఆ పార్టిషన్ లోపలే రాసి పెట్టే నంబరు. మామూలు లినక్స్ ఫార్మాట్ ఈఎక్స్‌టీ4కి అయితే మధ్యలో గీతలతో కలిపి 36 అక్షరాలు ఉంటుంది, కెమెరా కార్డుల్లో ఉండే ఎఫ్ఏటీ32కి అయితే నాలుగు అక్షరాలు, గీత, నాలుగు అక్షరాలు, అంతే చిన్నది. డిస్కుని ఏ పోర్టుకి పెట్టినా, ఎన్నో క్యూలో వచ్చినా అది మారదు. కానీ అది కూడా బ్రహ్మరాత కాదు సార్, రెండు చోట్ల మోసం చేస్తుంది. మళ్లీ ఫార్మాట్ చేస్తే పాత నంబరు పోయి కొత్తది వస్తుంది, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో మార్చుకోకపోతే మళ్లీ తొంభై సెకండ్ల కథే. రెండోది, ఒక డిస్కుని డీడీ కమాండ్‌తో బిట్టు బిట్టూ కాపీ చేసి ఇంకో డిస్కు చేసినామనుకోండి, నంబరు కూడా కాపీ అయిపోతుంది, ఒకే ఆధార్ నంబరుతో ఇద్దరు మనుషులు తయారవుతారు, రెండూ ఒకే మిషన్‌కి తగిలిస్తే ఏది తగులుకుంటుందో చెప్పలేం.

మేమిప్పుడు ఏం చేస్తా ఉన్నామంటే, ప్రతి డిస్కుకీ లేబుల్ పెట్టుకుంటాం. డిస్కు డొక్కు మీద స్టిక్కర్ ఎట్లాగూ అతికిస్తాం గదా, అదే పేరు లోపల కూడా రాస్తాం, ఈ2లేబుల్ అనే కమాండ్ ఉంది, ఇంగ్లీషులో అయితే 16 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు. శ్రావణం అని, మాఘం అని, పక్కన సంవత్సరం. ఇంకేదైనా చెరిపే ముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కే అనే కమాండ్ కొడతాం, పక్కన మైనస్ ఎఫ్ పెడితే లేబులు, యూయూఐడీ, ఎక్కడ మౌంట్ అయి ఉందో అన్నీ చూపిస్తుంది. ఉత్త ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొడితే సైజు చూపిస్తుంది, అది కూడా పనికొస్తుంది కానీ 1 టీబీ డిస్కు 931.5 జీ అని చూపిస్తుంది, డబ్బా మీద ఉన్న లెక్క వేరు, ఇది లెక్కపెట్టే 1024 లెక్క వేరు, దాన్ని చూసి డిస్కు పోయిందని కంగారు పడొద్దు. మా దాంట్లో అయితే సైజు చూసినా లాభం లేకపోయింది, రెండూ 931.5. ఒకే సైజు డిస్కులు ఉన్నోళ్లు సీరియల్ నంబరు చూసుకోవాల. స్లాష్ డెవ్ స్లాష్ డిస్క్ అనే ఫోల్డర్లో బై ఐడీ అని ఒక ఫోల్డర్ ఉంటుంది, దాంట్లో కంపెనీ పేరు, మోడలు, సీరియల్ నంబరు కలిపి ఒక్కో డిస్కుకీ పేరు ఉంటుంది, అది ఇప్పుడు ఎస్‌డీబీనా ఎస్‌డీసీనా అని బాణం గుర్తుతో చూపిస్తుంది. ఇంకా చెప్పాల్సిన మాట ఒకటుంది, ఈ చూడ్డం అనేది చెరిపే నిమిషానికి ముందు చూడాల, టీ తాగి వచ్చినా మళ్లీ చూడాల, కరెంటు పోయి వస్తే మళ్లీ చూడాల. మావోడు చూసినాడు, కానీ కరెంటు పోకముందు చూసినాడు.

ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో నోఫెయిల్ అని ఒక మాట చేరిస్తే డిస్కు లేకపోయినా మిషన్ నిలబడిపోకుండా లేస్తుంది. ఇది చాలామంది చెప్తారు. దాని వెనక ఉన్న గుంత ఎవరూ చెప్పరు. మౌంట్ అంటే ఏందసలు, ఒక ఖాళీ ఫోల్డర్ తీసుకోని దాని మీద డిస్కుని తగిలించడం, అప్పటినుంచి ఆ ఫోల్డర్లోకి పోతే డిస్కులోకి పోయినట్టు. డిస్కు తగులుకోలేదనుకోండి, ఫోల్డర్ మాత్రం అట్లే ఉంటుంది, ఖాళీగా, నోరు తెరుచుకోని. మావోడు ఒకసారి దాంట్లోకే ఒక పెండ్లి మొత్తం ఎక్కించినాడు, బయట డిస్కులోకి పోతా ఉంది అనుకున్నాడు, అది పోయి మిషన్ లోపలి చిన్న డిస్కులో పడి దాన్ని మెడదాకా నింపేసింది. మర్నాడు డిస్కు సరిగ్గా తగులుకునేసరికి ఆ ఫోల్డర్లో నిన్న ఎక్కించింది కనపడలా, కింద దాగి ఉంది, పైన డిస్కు కప్పేసింది. మేము మళ్లీ గుండెలు బాదుకున్నాం. మౌంట్ తీసేస్తే అడుగున అట్లే ఉంది.

మౌంట్ తియ్యడం అంటే గుర్తొచ్చింది. మీ పేజీలో ఆ కమాండ్ అన్‌మౌంట్ అని పడింది. అసలు కమాండ్ యూమౌంట్ సార్, మొదట్లో యూ తర్వాత ఎన్ ఉండదు, సీదా ఎం. మీ దగ్గర ప్రూఫ్ చూసేవాళ్లు ఎవరో స్పెల్లింగ్ తప్పని దయతలచి ఎన్ చేర్చి ఉంటారు. మావోడు కొడితే కమాండ్ దొరకలేదంది, "మామా పేపర్లో ఉన్నట్టే కొట్టినా గదా" అని నా దగ్గరికి వచ్చినాడు, నేనే ఎన్ తీసేయ్‌రా అన్నాను. ఆ డిస్కు మౌంట్ అయి ఉన్నంతసేపు ఎంకేఎఫ్‌ఎస్ దాన్ని ముట్టుకోను పో అంటుంది, అదొక్కటే మమ్మల్ని కాపాడే గొళ్లెం, మీ ఎన్ కాసేపు దాన్ని తెరవనీకుండా ఆపింది, తెరిచింది నేను. ఇంకొకటి, కాలమ్ సన్నగా ఉండేసరికి ఎస్‌డీబీ ఒక లైన్లో పడి 1 కింద లైన్లోకి పోయింది. మాకు దాంతో దెబ్బ తగల్లేదు గానీ ఎవరైనా ఆ 1 వదిలేసి కొట్టుంటే? మౌంట్ అయితే పర్వాలేదు, ఫైల్ సిస్టం రకం తప్పు, సూపర్‌బ్లాక్ తప్పు అని ఏదో గొణిగి ఊరుకుంటుంది. ఎంకేఎఫ్‌ఎస్ అయితే ఒక పార్టిషన్ కాదు, డిస్కు డిస్కే గంగలో కలుస్తుంది.

ఎస్‌డీబీ1లో చివర వచ్చే 1 లాంటి ఆ నంబర్ల గురించి కూడా మీ వ్యాసంలో ఒక ముక్క సరిగ్గా లేదు. నంబరు అంటే ఎన్నో పార్టిషన్ అయితే అంత అన్నారు. పాత పద్ధతి ఎంబీఆర్ డిస్కుల్లో అట్లా కాదు. దాంట్లో నాలుగే ముఖ్యమైన గదులు, 1 నుంచి 4 దాకా నంబర్లు వాటికే రిజర్వు, అంతకంటే ఎక్కువ కావాలంటే ఒక గదిని ఎక్స్‌టెండెడ్ అని చేసి దాంట్లో చిన్న గదులు కట్టుకోవాల, వాటి నంబరు 5 నుంచి మొదలు. అందుకని చాలామంది పాత మిషన్లలో ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ2, తర్వాత టక్కున ఎస్‌డీఏ5 ఉంటుంది, 3, 4 ఎవడో ఎత్తుకుపోయినాడని కాదు. ఆ 2 అనేది 1 కే సైజులో కనపడుతుంది, అది ఉత్త గుమ్మం. కొత్త జీపీటీ డిస్కుల్లో ఈ తంటా లేదు, మామూలుగా 128 దాకా పెట్టుకోవచ్చు.

అన్ని డిస్కులూ ఎస్‌డీతోనే మొదలు అనేది కూడా ఇప్పుడు చెల్లదు. వెనక రూములో మిక్సింగుకి పెట్టిన కొత్త మిషన్‌లో లోపలి డిస్కు పేరు ఎన్‌వీఎంఈ0ఎన్1, దాని మొదటి పార్టిషన్ ఎన్‌వీఎంఈ0ఎన్1పీ1. చూస్తే బండి నంబరు ప్లేటు లాగా ఉంటుంది గానీ విడదీస్తే సులువే, కంట్రోలర్‌ని సున్నా నుంచి లెక్కపెడతారు, ఎన్ అనే నేమ్‌స్పేస్‌ని, అంటే డిస్కు లోపలి చోటుని, మాత్రం 1 నుంచి లెక్కపెడతారు, ఎందుకట్లా అని నన్నడగొద్దు. మధ్యలో పీ ఎందుకంటే డిస్కు పేరే అంకెతో అయిపోయింది, దాని పక్కన ఇంకో 1 పెడితే 11 అనుకుంటారు, అందుకు అడ్డంగా పీ. మా ఫొటోగ్రాఫర్లకి బాగా తెలియాల్సింది ఇంకోటుంది. అదే ఎస్‌డీ కార్డు, ల్యాప్‌టాప్ పక్కనుండే సన్న రంధ్రంలో పెడితే ఎంఎంసీబీఎల్‌కే0పీ1 అని రావొచ్చు, యూఎస్‌బీ రీడర్లో పెడితే ఎస్‌డీ ఏదో ఒక అక్షరం అని వస్తుంది. కార్డు ఒకటే, దారిని బట్టి పేరు. కార్డు మీద ఎస్‌డీ అని ఉంటుంది కాబట్టి ఆ ఎస్‌డీయే ఈ ఎస్‌డీ అనుకునేవాళ్లు కూడా ఉన్నారు, కాదు, అది వేరే.

లినక్స్ పోలింది యూనిక్స్ అనే పాత సిస్టంని, ఆ యూనిక్స్ కుటుంబంలో మిగతావాళ్ల పేర్లు ఇంకో రకం. మిషన్‌కి తగిలించిన ప్రతి వస్తువుకీ స్లాష్ డెవ్ కింద ఒక ఫైలు పేరు పెట్టే పద్ధతి బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ పుట్టిన తొలిరోజుల నుంచి ఉన్నదే, కానీ పేరు పెట్టడంలో ఎవరి ఇంటి ఆచారం వాళ్లది. నా స్నేహితుడు ఒకాయన మ్యాక్ మీద ఎడిటింగ్ చేస్తాడు, ఆయన డిస్కులు డిస్క్2ఎస్1 అని వస్తాయి, ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో సిస్టంలో యూఎస్‌బీ డిస్కు డీఏ0 అవుతుంది. మీ వ్యాసం చదివి మ్యాక్‌లో ఎస్‌డీబీ కోసం వెతికితే దొరకదు అని చెప్పడానికి ఇది రాసినా, ఇంకేం లేదు.

మా డిస్కులో ఉన్న పెండ్లిళ్లు ఏమైనాయి అని అడగరా? ఎంకేఎఫ్‌ఎస్ డిస్కు మొత్తం తుడవదు, పైపైన కొత్త పట్టిక రాస్తుంది, తిరిగే డిస్కు కాబట్టి అడుగున బొమ్మలు చాలావరకు అట్లే ఉన్నాయి. అదే లోపల బిగించిన ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేని రకం, అయ్యుంటే ఫార్మాట్ చేసేటప్పుడే మొత్తం ఖాళీ అనుకో అని డిస్కుకి చెప్పేస్తుంది, ఆ ఆశ కూడా ఉండేది కాదు. ఫొటోరెక్ అనే ప్రోగ్రాం పెట్టి రాత్రంతా నడిపినాం. ఫొటోలు వచ్చినాయి, కానీ పేర్లు రాలేదు, తేదీల ఫోల్డర్లు రాలేదు, అన్నీ ఎఫ్ అని మొదలయ్యి పక్కన పొడుగు అంకె. మూడు పెండ్లిళ్లు కలిసిపోయినాయి. నేనూ మా ఇంటామె కూర్చొని చీర రంగు చూసి, మండపం పూలు చూసి వేరుచేసినాం, శ్రీనివాసమంగాపురంలో తీసినవి గుర్తుపట్టడం సులువు, మిగతా రెండూ ఒకే ఫంక్షన్ హాల్లో జరిగినవి, డెకరేషన్ కూడా ఒకటే, మా ఇంటామె పురోహితుణ్ణి చూసి కనిపెట్టింది. వీడియో మాత్రం ముక్కలు ముక్కలుగా వచ్చింది, పెద్ద ఫైళ్లు కదా. పాకాల నుంచి పెండ్లికూతురి నాయన వచ్చి "ఏం సామీ, తలంబ్రాలు యాడ?" అని అడిగితే నాకు నోట మాట రాలేదు. వాళ్ల బంధువులు సెల్‌ఫోన్లో తీసినది తెప్పించి అతికించినాను, సగం డబ్బులు వదిలేసుకున్నాను, ఆయన పెద్దమనిషి, ఇంక ఏమనలేదు, అదే ఎక్కువ బాధ.

మిమ్మల్ని నేను అడిగేది మూడు మాటలు. ఒకటి, ఎస్‌డీబీ1 అనేది ఎప్పటికీ ఒకే డిస్కు కాదు, ఆన్ చేసినప్పుడల్లా మారొచ్చు అని అదే పేజీలో అదే సైజు అక్షరాల్లో సవరణ వెయ్యండి, మూలన కనపడకుండా కాదు. రెండు, కమాండ్లు వేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే, ఒక్క లైన్లో విరగకుండా, వేరే ఫాంటులో వెయ్యండి, ప్రూఫ్ చూసేవాళ్లు వాటికి స్పెల్లింగ్ దిద్దొద్దు. ఈ ఉత్తరంలో నేను అంతా తెలుగులో రాసినా, నా దాన్ని చూసి ఎవరూ కొట్టరు కాబట్టి సరిపోయింది. మూడు, అడిగితే వై కొట్టండి అనే మాట ఇంకెప్పుడూ రాయొద్దు సార్. అది అడిగినప్పుడు ఆ లైను చదవండి అని రాయండి.

మా అల్లుడు గోడ మీది కట్టింగ్ పీకేస్తానన్నాడు, ఉండనీరా అన్నాను. మీ సవరణ వచ్చినాక దాని మీదనే అతికిస్తాం.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఫొటో స్టూడియో, తిరుపతి